పేరున్న పువ్వు, పేరులేని రెక్క

ఇంగ్లండు పచ్చిక బయళ్ళలో వేసవి పొడుగునా పూసే చిన్న పసుపు పువ్వు ఒకటుంది. ఆకారం బఠానీ పువ్వుది. మొగ్గ మీద ఎర్ర జీర ఉంటుంది. కాయలు ముదిరాక పిట్ట కాలివేళ్ళలా ఎడంగా చాచుకుని నిలబడతాయి. అందుకే పుస్తకాల్లో దాని పేరు బర్డ్స్‌ఫుట్ ట్రెఫాయిల్, పిట్టకాలి మూడాకు. పల్లెల్లో మాత్రం దాని పేర్లకు అంతే లేదు. జెఫ్రీ గ్రిగ్సన్ 1955లో వేసిన 'ది ఇంగ్లిష్‌మన్స్ ఫ్లోరా'లో ఈ ఒక్క మొక్కకే డెబ్బైకి పైగా వాడుకపేర్లు పోగుచేశాడు. ఒకచోట అది గుడ్లూ బేకనూ, ఇంకోచోట అమ్మమ్మ కాలిగోళ్ళు. ఇదే మొక్క ఆకుల మీద గుడ్లు పెట్టి, దీన్నే తిని పెరిగే నీలి సీతాకోకచిలుక పేరు కామన్ బ్లూ. మే నెల మొదలు సెప్టెంబరు దాకా అదే గడ్డిలో, అదే జనం కళ్ళ ముందు ఎగిరేది. దానికి చెప్పుకోదగ్గ పల్లెపేరు ఒక్కటీ కనబడదు. పువ్వుకు డెబ్బై పేర్లు, దాని మీద వాలే రెక్కకు సున్న. ఈ తేడా ఎందుకొచ్చింది, దానివల్ల ఏం పోగొట్టుకున్నారు అన్నది తేల్చుకుంటే, ఇంగ్లండు హీత్ నేలల్లో, సుద్దగుట్టల పచ్చికల్లో పువ్వుల్నీ సీతాకోకచిలుకల్నీ గుర్తుపట్టే విద్య చరిత్ర సగం తేలినట్టే.

నా లెక్క ప్రకారం జవాబు సూటిగానే ఉంది: వాడుకున్నవాడే పేరు పెడతాడు. హీత్ అంటే ఇసక పాలు ఎక్కువ, సారం తక్కువ, ఆమ్లగుణం గల నేల. మోకాలెత్తు పొదలు తప్ప పైరు నిలవదు. ఆ పొదలే ఊళ్ళో బీదాబిక్కీకి ఆసరా. లింగ్ అనే హెదర్‌తో చీపుర్లు కట్టారు, ఇళ్ళ కప్పులు కప్పారు, పశువుల కింద పరిచారు. 1802లో సాలిస్‌బరీ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆ మొక్కకు కలూనా అని పేరు పెట్టినప్పుడు, ఊడ్చడమనే అర్థమున్న గ్రీకు మాటనే ఎంచుకున్నాడు. గోర్స్ అనే ముళ్ళకంపను కొట్టి రొట్టెల పొయ్యిల్లో మండించారు, లేత కొమ్మల్ని నలగ్గొట్టి గుర్రాలకు మేపారు. వేళ్ళతో సహా పైమట్టిని పెళ్ళలుగా కోసి ఎండబెట్టి చలికాలానికి పొయ్యిలోకి దాచుకున్నారు. వీటన్నిటికీ హక్కులున్నాయి, హక్కులకు పేర్లున్నాయి, ఏ హక్కు ఎవరి గడపకు చెందుతుందో ఊరికంతటికీ తెలుసు. థామస్ హార్డీ 1878లో రాసిన 'ది రిటర్న్ ఆఫ్ ది నేటివ్' చదివినవాళ్ళకు, చూపు మందగించిన కథానాయకుడు క్లిమ్ కంప కొట్టే కూలిపనికి దిగడం గుర్తుండే ఉంటుంది. ఆ నవలలో హీత్ ఒక దృశ్యం కంటే ముందు ఒక పనిచోటు.

పనిచోటులో గుర్తుపట్టడమంటే తప్పితే నష్టపోయే వ్యవహారం. ఇంగ్లండు హీత్‌లో ముఖ్యంగా మూడు రకాల హెదర్‌లు కలిసి పెరుగుతాయి. దూరం నుంచి మూడూ ఊదారంగు దుప్పటే. దగ్గరికి వంగి ఆకు చూస్తేగాని తేడా తెలియదు. లింగ్ ఆకులు మరీ చిన్నవి, పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి, నాలుగు వరసల్లో కాడకు అంటుకుని ఉంటాయి. బెల్ హెదర్‌కు ఒక్కో కణుపు దగ్గర మూడేసి ఆకులు, కాడ పొడుగునా ముదురు రంగు గంటల్లాంటి పువ్వులు. క్రాస్‌లీవ్డ్ హీత్‌కు కణుపుకు నాలుగు ఆకులు, పైనుంచి చూస్తే అచ్చంగా శిలువ. దాని పువ్వులు లేత గులాబీ, కొమ్మ చివర గుత్తిగా వేలాడతాయి. మొదటి రెండూ కాస్త ఆరిన నేలను కోరతాయి. మూడోది తడి నేలకు గుర్తు, అది కనిపించిన చోట అడుగు దిగబడుతుంది. చీపురుకు పుల్ల కోసేవాడికి, పశువుల్ని తోలేవాడికి ఆ నాలుగాకుల శిలువ ఒక కబురు. గోర్స్ కూడా ఒక్కటి కాదు. పెద్ద గోర్స్ వసంతంలో విరగబూస్తే, పొట్టి రకాలు వేసవి చివర అందుకుంటాయి. అందుకే ఏ నెలలో చూసినా ఎక్కడో ఒకచోట ఆ పసుపు కనిపిస్తూనే ఉంటుంది.

తెలుగు నేల మీదా ఇదే సూత్రం పనిచేసింది. గరిక, దర్భ, తుంగ, రెల్లు, బోద, వట్టివేరు అంటూ గడ్డికి ఎన్ని పేర్లు పెట్టుకున్నాం! ఒకటి మేత, ఒకటి కర్మకు, ఒకటి చాపకు, ఒకటి కప్పుకు. రెక్కల పురుగు దగ్గరికొచ్చేసరికి నీలిదైనా పచ్చదైనా అన్నీ సీతాకోకచిలుకలే. దాని పిల్ల గొంగళిపురుగు, ఆ పేరులోనూ కాపరి భుజం మీది గొంగళే కనిపిస్తుంది. పట్టు ఇచ్చేదానికి మాత్రం పట్టుపురుగని వేరే పేరుంది, దానితో పని ఉంది గనక. మద్రాసు కోటలో కంపెనీ వైద్యుడిగా పనిచేసిన శామ్యూల్ బ్రౌన్ పదిహేడో శతాబ్దం చివర ఇక్కడి మొక్కల్ని స్థానికుల పేర్లతో సహా లండన్‌కు పంపాడు. 1781 నుంచి సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్ మరో అడుగు ముందుకేశాడు. 1795, 1820 మధ్య మూడు సంపుటాలుగా, 300 బొమ్మలతో వెలువడ్డ అతని కోరమాండల్ మొక్కల గ్రంథంలో లాటిన్ పేర్ల పక్కన తెలుగు పేర్లు ఉన్నాయి. మొక్కతో బతికేవాళ్ళ నోట పేరు సిద్ధంగా ఉంది కాబట్టి రాసుకోగలిగాడు. సీతాకోకచిలుకల మీద అలాంటి పుస్తకమే వెయ్యబూనుకుంటే, రాసుకోవడానికి ఎన్ని తెలుగు పేర్లు దొరికేవి?

మరి ఇంగ్లండులో సీతాకోకచిలుకలకు పేర్లు ఎవరు పెట్టారు? శామ్యూల్ బ్రౌన్ పంపిన మొక్కలు అందుకున్న మనిషే ఇక్కడా మొదటివాడు. జేమ్స్ పెటివర్ లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధిలో మందుల దుకాణం నడిపేవాడు. ఓడ వైద్యులకూ, వర్తకులకూ, ప్రాంతాల్లోని పరిచయస్తులకూ ఉత్తరాలు రాసి, పురుగూ పుల్లా ఏది దొరికినా పంపమనేవాడు. వచ్చిన సీతాకోకచిలుకల్ని అభ్రకం రేకుల మధ్య పెట్టి భద్రపరిచాడు. 1717లో, చనిపోవడానికి ఏడాది ముందు, బ్రిటిష్ సీతాకోకచిలుకల బొమ్మల పుస్తకం అచ్చువేశాడు. ఈనాటికీ వాడుకలో ఉన్న కొన్ని పేర్లకు మూలం అతనే. ఫ్రిటిలరీ అన్న మాట పుట్టుక సరదాగా ఉంటుంది. లాటిన్‌లో అది పాచికల పెట్టె. గళ్ళ చారల పువ్వొకదానికి ముందే ఆ పేరుంది, గళ్ళ రెక్కల సీతాకోకచిలుకకూ అదే అంటగట్టారు. ఊరి జనం పెట్టిన పేర్లలో పందిమాంసం, కాలిగోళ్ళు, చీపురు ఉంటే, పెటివర్ తరహా పేర్లలో అడ్మిరల్, గంధకం, పాచికల పెట్టె ఉన్నాయి. ఏ పేరు ఏ ఇంట్లో పుట్టిందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ రెండు లోకాల మధ్య దూరం ఎంతో ఎలినోర్ గ్లాన్‌విల్ కథ చెబుతుంది. సోమర్సెట్‌లోని టికెన్‌హామ్ ఆస్తిపరురాలు. పెటివర్‌కు నమూనాలు పంపినవాళ్ళలో ముఖ్యురాలు. లింకన్‌షైర్‌లో ఆమెకు దొరికిన ఫ్రిటిలరీకి తర్వాతి రోజుల్లో ఆమె పేరే నిలిచింది. 1709లో ఆమె చనిపోయాక, వీలునామాలో వాటా దక్కని కొడుకు, ఆమెకు మతి లేదని కోర్టుకెక్కాడు. కింద దుప్పటి పరిపించి, పొదల్ని కర్రతో కొట్టి పురుగులు రాల్చుకునేదని ఇరుగుపొరుగు సాక్ష్యం చెప్పారు. 1712లో ఆ వీలునామా చెల్లకుండా పోయింది. అర్ధశతాబ్దం తర్వాత, 1766లో, మోజెస్ హారిస్ తన 'ది ఆరీలియన్' పుస్తకంలో ఈ కథను తిరగరాశాడు. హాన్స్ స్లోన్, జాన్ రే వంటి పండితులు వచ్చి సాక్ష్యమివ్వడంతో ఆమె పక్షమే గెలిచిందన్నాడు. రే 1705లోనే పోయాడు. 1712లో బోనెక్కడం అతనివల్ల అయ్యే పని కాదు. సీతాకోకచిలుకల ప్రేమికులు తమ వీరనారికి తామే న్యాయం చేసుకున్నారన్నమాట. నాకు మాత్రం ఇరుగుపొరుగు సాక్ష్యంలో దురుద్దేశం కంటే అయోమయమే ఎక్కువ కనిపిస్తుంది. పొదను కొడితే కంప రావాలి, పురుగులు రాల్చుకోవడమేమిటి? పొదతో బతికే ఊరికి ఆ ప్రశ్న సహజమే.

సేకర్తల విద్య ఆ తర్వాత చురుకుగా ఎదిగింది. లండన్ కార్న్‌హిల్‌లో స్వాన్ టావెర్న్‌లో కూడే ఆరీలియన్ సొసైటీ తన సేకరణలన్నిటినీ 1748 మార్చి నాటి అగ్నిప్రమాదంలో బుగ్గి చేసుకుంది. అయినా ఆ సరదా చావలేదు. వాళ్ళ చూపు పదును ఎంతటిదో నీలి సీతాకోకచిలుకల దగ్గర తెలుస్తుంది. ఎగిరేటప్పుడు అన్నీ ఆకాశపు తునకలే. రెక్క అంచున సన్నటి తెల్లటి కుచ్చు ఉంటుంది. కామన్ బ్లూకు ఆ తెలుపు ఎక్కడా తెగదు. సుద్దగుట్టల మీద తిరిగే చాక్‌హిల్ బ్లూ, అడోనిస్ బ్లూలకు నల్లటి గీతలు కుచ్చును అడ్డంగా కోసుకుంటూ పోతాయి. హీత్ మీది సిల్వర్‌స్టడెడ్ బ్లూ రెక్కలు ముడిచినప్పుడు చూడాలి. వెనక రెక్క అడుగున, అంచు వెంబడి ఉన్న నల్ల చుక్కల నడుమ నీలం ఆకుపచ్చ కలిసిన లోహపు మెరుపు, ముక్కుపుడక రాయిలా. ఈ గుర్తులు తెలుసుకోవడానికి తరాలు పట్టింది, ఆ శ్రమను తక్కువ చెయ్యను. అదే చూపు వెర్రితలలు వేసిన రోజులూ ఉన్నాయి. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో రాయ్‌స్టన్ గుట్ట మీద చాక్‌హిల్ బ్లూల్లో ఒక చుక్క పెద్దదనీ, ఒకటి లేదనీ, ఒకటి సాగిందనీ వెతుక్కుంటూ వలలు పట్టుకుని జనం ఎగబడేవారు. 1938లో బ్రైట్, లీడ్స్ అనే ఇద్దరు ఆ ఒక్క జాతిలోని చుక్కల తేడాలకే వందల కొద్దీ పేర్లు పెట్టి పెద్ద పుస్తకం వేశారు. పల్లెలో ఒక్క పేరూ లేని రెక్కకు ఇక్కడ వందల పేర్లు! ఆ గుట్ట మీద గడ్డి అంత పొట్టిగా ఎందుకుందన్న సంగతి ఆ పేర్లలో ఒక్కదానికీ పట్టలేదు.

ఇదే నా వాదనకు కీలకం. గుర్తుపట్టే విద్య ఇంగ్లండులో రెండు పాయలుగా పారింది. నేలను వాడుకున్నవాళ్ళకు మొక్క తెలుసు, గడ్డి తెలుసు, పశువు నోరు తెలుసు, రెక్క పట్టలేదు. సేకర్తలకు రెక్క మీది ప్రతి చుక్కా తెలుసు, దాని కింది నేల పట్టలేదు. ఇద్దరూ ఒకే గుట్ట మీద మూడు వందల ఏళ్ళు తిరిగారు. కలిసిన సందర్భాలు లేవని కాదు. నార్తాంప్టన్‌షైర్ కూలి కవి జాన్ క్లేర్‌కు తన ఊరి ఆర్కిడ్‌లన్నీ తెలుసు. దగ్గర్లోని మిల్టన్ హాల్‌లో తోటల పెద్ద హెండర్సన్‌తో కలిసి 1820ల్లో పువ్వులూ పురుగులూ వెతికాడు. మొక్కల్ని వర్గీకరించే లిన్నేయస్ పద్ధతి నేర్చుకోబోయి, అది తనకు గుడ్డి చీకటిలా తోచి వదిలేశాడు. ఊరి పేర్లతోనే రాసుకున్నాడు. ఈలోగా ఆ ఊరి నేలే చేజారింది. హెల్ప్‌స్టన్ ఉమ్మడి నేలకు కంచె వేసుకోవడానికి 1809లో చట్టం వచ్చింది. ఇలాంటి చట్టాలతో ఇంగ్లండు విస్తీర్ణంలో అయిదో వంతుకు పైగా, సుమారు 68 లక్షల ఎకరాలు, కంచెల్లోకి వెళ్ళాయి.

కంచె వెయ్యడానికి చెప్పిన కారణం ఒక్క మాటలో ఉంది: వేస్ట్. జమీందారీ చట్టభాషలో దున్నని ఉమ్మడి నేలకు అదే పేరు. ఆ మాట కంపెనీ రెవెన్యూ లెక్కలతో పాటు మన దేశానికీ వచ్చి, గొర్రెలు మేసే బీళ్ళన్నిటినీ ఒకే పద్దులో వేసింది. కందిరీగ నడుము మీది చారలు లెక్కపెట్టగల కాలం, నేల విషయంలో పనికొచ్చేదీ పనికిరానిదీ అని రెండే గళ్ళు గీసుకుంది. హీత్‌ను గుర్తుపట్టడంలో పొరపాటు అక్కడితో ఆగలేదు. బీడని తిట్టినవాళ్ళు ఒక వైపైతే, మనిషి చెయ్యి పడని అడవిసీమ అని మురిసిపోయిన ప్రకృతి ప్రేమికులు ఇంకో వైపు. ఇద్దరిదీ తప్పే. జెఫ్రీ డింబుల్‌బీ హీత్ మట్టిపొరల్లో చిక్కుకున్న పుప్పొడిని తవ్వి తీసి, 1962లో ఫలితాలు ప్రకటించాడు. కింది పొరల్లో అడవి చెట్ల పుప్పొడి ఉంది, పైకొచ్చేకొద్దీ హెదర్ పుప్పొడి. చరిత్రపూర్వ కాలపు మనుషులు అడవి కొట్టి, కాల్చి, పశువుల్ని మేపితే ఏర్పడిన నేల ఇది. కోత, మేత, మంట ఆగితే కొన్ని దశాబ్దాల్లో బర్చ్, పైన్ మొలిచి తిరిగి అడవైపోతుంది. సుద్దగుట్టల పచ్చికదీ ఇదే కథ, అక్కడ కత్తి బదులు గొర్రె పళ్ళు. డోర్సెట్‌లో 1811లో సుమారు 30,000 హెక్టార్లున్న హీత్, నార్మన్ మూర్ లెక్కగట్టిన 1960 నాటికి 10,000కు పడిపోయింది. కొంత పొలమైంది, కొంత పైన్ తోటైంది, కొంత ఇళ్ళ కిందికి పోయింది. పువ్వులున్న పచ్చిక మైదానాల గతి మరీ ఘోరం. 1930ల నుంచి 1984 దాకా ఇంగ్లండు, వేల్స్‌లలో 97 శాతం పోయాయని రాబిన్ ఫుల్లర్ తేల్చాడు.

రెండు పాయలు కలవకపోతే ఏమవుతుందో లార్జ్ బ్లూ అనే సీతాకోకచిలుక చూపించింది. నీలి జాతుల్లో పెద్దది, ముందు రెక్కల పైన నల్లటి చుక్కలు. బ్రిటన్‌లో దాన్ని మొదట నమోదు చేసింది 1795లో. గుడ్లు పెట్టేది థైమ్ మొగ్గల మీద. లార్వా మూడు వారాలు ఆ పువ్వులే తిని, ఆపైన తిండి మానేస్తుంది. సేకర్తలు ఎన్ని ఆకులు తెచ్చి పెట్టినా ముట్టదు, చస్తుంది. వందేళ్ళకు పైగా ఎవరికీ అంతుబట్టని ముడి అది. 1915లో చాప్‌మన్ అనే పరిశోధకుడికి థైమ్ మొక్క కింద చీమల పుట్టలో ఒక లార్వా దొరికింది. దాని కడుపులో చీమ పిల్లల ఆనవాళ్ళున్నాయి. కెప్టెన్ ప్యూర్‌ఫాయ్ వాల్‌నట్ చిప్పల్లో చీమల్ని పెంచి, లార్వాను అందులో వదిలి, పూర్తిగా సాకి చూపించాడు. ఫ్రోహాక్ ఆ దశలన్నీ బొమ్మలు గీశాడు. నేలకు రాలిన లార్వా తీపి ద్రవం స్రవిస్తుంది, ఎర్రచీమ దాన్ని తన పిల్లే అనుకుని పుట్టలోకి మోసుకుపోతుంది, అది లోపల పది నెలలు చీమ పిల్లల్నే తిని పెరుగుతుంది. తన బరువులో 98 శాతానికి పైగా అక్కడే సంపాదిస్తుంది. పాముకు పాలు పోసినట్టే. ముడి విడిందని అందరూ అనుకున్నారు. సీతాకోకచిలుక తగ్గిపోవడం మాత్రం ఆగలేదు.

తగ్గిపోతుంటే వేలు సేకర్తల వైపే చూపింది. 1930ల్లో ఒక స్థలానికి వాళ్ళు రాకుండా కంచె వేశారు. కంచె వలల్ని ఆపింది, పశువుల్నీ ఆపింది. గడ్డి ఏపుగా పెరిగింది, సీతాకోకచిలుక ఆ చోటు నుంచి మాయమైంది. 1953లో మిక్సొమటోసిస్ అనే జబ్బు బ్రిటన్‌లోకి వచ్చి రెండు మూడేళ్ళలో కుందేళ్ళను దాదాపు ఊడ్చేసింది. గొర్రెలు అప్పటికే గుట్టలు వదిలిపెట్టాయి, గడ్డి కొరికే చివరి నోరు కూడా పోయింది. 1970ల మొదట్లో జెరెమీ థామస్ అనే యువ శాస్త్రజ్ఞుడు మిగిలిన చోటనే మకాం పెట్టి, రెక్క వదిలేసి చీమను గుర్తుపట్టడం మొదలుపెట్టాడు. అక్కడ బయటపడింది అసలు సంగతి. ఎర్రచీమలన్నీ ఒకటి కావు. మిర్మికా జాతుల్లో ఏదైనా లార్వాను మోసుకుపోతుంది గాని, మిర్మికా సబులేటి పుట్టలోనే అది సరిగా బతుకుతుంది. ఆ చీమకు వెచ్చటి నేల కావాలి. గడ్డి మూడు సెంటీమీటర్లు దాటితే నీడ పడి నేల చల్లబడుతుంది, సబులేటి తప్పుకుని వేరే మిర్మికా వచ్చి చేరుతుంది. థైమ్ అలాగే ఉంటుంది, ఎర్రచీమలూ ఉంటాయి, చూసేవాడికి అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి. ఈ లెక్క తేలేసరికి ఆలస్యమైపోయింది. డార్ట్‌మూర్ అంచున మిగిలిన చివరి గుంపు 1979లో అంతరించింది.

ఇక్కడ సేకర్తల పక్షాన ఒక మాట వినాలి. వాళ్ళు లేకపోతే ఆ జాతి ఉందనే తెలిసేది కాదు, ఎక్కడెక్కడ ఉండేదో చెప్పే తేదీ చీటీలూ ఉండేవి కావు, చాప్‌మన్, ప్యూర్‌ఫాయ్ ఆ సేకర్తల సంప్రదాయం నుంచి వచ్చినవాళ్ళేగదా అంటారు. ఒప్పుకోవలసిందే. నా అభ్యంతరం వాళ్ళ వలల మీద కాదు, వాళ్ళ చూపు రెక్క దగ్గరే ఆగిపోవడం మీద. ఇటువైపు నుంచి ఇంకో అభ్యంతరం ఉంది: ఉమ్మడి నేల జనానికి ఈ సీతాకోకచిలుక ఊసే తెలియదు, గొర్రెల్ని మేపింది ఉన్ని కోసం, ఆ ఘనత వాళ్ళకెలా కడతారు? ఘనత కట్టడం లేదు. వాళ్ళకు సబులేటి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. ఎన్ని గొర్రెలు, ఏ నెలలో, ఎంతసేపు మేస్తే గడ్డి ఎంత ఎత్తున నిలుస్తుందో తెలుసు. శాస్త్రం కొలిచి మూడు సెంటీమీటర్లని చెప్పింది, వాళ్ళు కొలవకుండానే ఆ ఎత్తును తరాల పాటు నిలిపారు. థామస్ తెలుసుకున్నది ఆచరణలో పెట్టాలంటే మళ్ళీ మంద కావలసి వచ్చింది. స్వీడన్ నుంచి తెచ్చిన లార్వాలను 1983లో డెవన్‌లో వదిలారు, తర్వాత సోమర్సెట్ గుట్టల మీద వదిలారు, నిలిచాయి. స్వీడన్ రెక్కను బ్రిటిష్ లార్జ్ బ్లూ అనవచ్చా అని పెదవి విరిచేవాళ్ళున్నారు. జాతి ఒక్కటే. పైగా పాత గుంపుల్ని చంపింది రక్తంలోని దోషం కాదు, గడ్డి ఎత్తు. కంచె విఫలమైన చోట మేత ఫలించిందంటే కారణం ఏదో చేసి చూపించినట్టే.

మనిషి చేసిన నేలే అయితే దాన్ని కాపాడటమెందుకు, అడవిగా మారనివ్వొచ్చుగదా అన్న ప్రశ్న అంత తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. హీత్ మీద మొలిచిన పైన్ మొక్కల్ని కొట్టిస్తుంటే, చెట్లు నరుకుతున్నారని చుట్టుపక్కల జనమే అడ్డుపడే సందర్భాలూ ఉన్నాయి. చెట్టంటే మంచిది, పొదంటే బీడు అన్న పాత లెక్కే పర్యావరణ భాషలో తిరిగొచ్చిందని నాకనిపిస్తుంది. వేల ఏళ్ళ కోత, మేతల మధ్య ఆ నేలకు అలవాటుపడ్డ ప్రాణులకు వేరే చోటు లేదు. సిల్వర్‌స్టడెడ్ బ్లూ తాను పుట్టిన పొద నుంచి కొద్ది పదుల గజాలకు మించి పోదు. దానికి నల్లచీమల తోడు కావాలి, లేత హెదర్ కావాలి, మధ్యమధ్య ఉత్త నేల కావాలి. ఆ మూడూ కలిసేది ఈ మధ్యే కాల్చినచోటో, కోసినచోటో, గుర్రం తొక్కినచోటో. న్యూ ఫారెస్ట్‌లో 1877 చట్టం పుణ్యమా అని ఉమ్మడి హక్కులు నిలిచాయి, హక్కుదారుల గుర్రాలు ఇంకా హీత్ మీద మేస్తున్నాయి, ఆ నీలి మెరుపు ఇంకా అక్కడ కనిపిస్తోంది. మనిషి చేతిపని కాబట్టి విలువ లేదంటే ఆవకాయ పెట్టే మామిడికీ విలువ లేనట్టే. దాన్నీ మనిషే ఎంచి, అంటుగట్టి, నిలుపుకున్నాడు.

ఇప్పుడు ఇవన్నీ ఎందుకు, ఫోను చూపిస్తే పువ్వు పేరూ రెక్క పేరూ క్షణంలో చెప్పేస్తోందిగదా అని ఇంకొకరు అడగవచ్చు. చెబుతుంది, చాలాసార్లు సరిగానే చెబుతుంది. పెటివర్‌కు నెలల తరబడి ఉత్తరాలతో తేలేది అరచేతిలో తేలుతోంది. కాని అది చెప్పేది రెక్క సంగతి. 1976లో బ్రిటన్‌లో మొదలైన సీతాకోకచిలుకల గణన పద్ధతి, ఎర్నీ పొలార్డ్ రూపొందించినది, ఇంకో విద్య నేర్పింది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వారానికోసారి ఒకే దారిలో నడవాలి, తన చుట్టూ అయిదు మీటర్ల మేర ఎగిరినదాన్నే లెక్కపెట్టాలి. అలా ఏళ్ళ తరబడి నడిచినవాళ్ళకు పేరుతో పాటు గడ్డి ఎత్తు, పువ్వు తేదీ, పశువులు వచ్చిన వారం అన్నీ నోట్‌బుక్కులో పడతాయి. కంప కొట్టేవాడి చూపూ వల పట్టినవాడి చూపూ ఒకే మనిషిలో కలవడానికి ఇంతకాలం పట్టింది.

గ్లోస్టర్‌షైర్‌లోని రాడ్‌బరో కామన్ అనే ఉమ్మడి నేల మీద 2019 నాటికి లార్జ్ బ్లూ కనబడి సుమారు 150 ఏళ్ళు. అక్కడ అయిదేళ్ళు పొదలు కొట్టి, పశువుల మేతను విద్యుత్ కంచెతో అదుపుచేసి, గడ్డిని చీమకు సరిపడేలా తెచ్చారు. 2019లో 1,100 లార్వాలను వదిలితే, 2020 వేసవిలో సుమారు 750 సీతాకోకచిలుకలు పైకి లేచాయి. ఆ గుట్ట మీదికి ఏటా మే నెలలో పశువుల్ని తోలే రోజును ఇప్పటికీ మార్కింగ్ డే అంటారు. ఆ పశువులు ఊరి హక్కుదారులవి.